కోటింగ్ గదిలో మూడు దెబ్బలు

అనకాపల్లి దాటి కాస్త దూరం వెళ్తే వరసగా మందుల ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదానిలో, రెండో బ్లాకు చివర, బిళ్ళలకి కోటింగ్ వేసే గది ఉంది. పగలు దానికి నంబరే గానీ పేరు లేదు. రాత్రి షిఫ్టు వాళ్ళు మాత్రం దాన్ని "కొట్టే గది" అంటారు.

అక్కడ ఎవరూ చచ్చిపోలేదు. అదే విచిత్రం. మూడేళ్ళ కిందటి దాకా అది చెరకు తోట. గోడలకి ఇంకా కొత్త రంగు వాసన పోలేదు. అయినా ఏడాదిలో నలుగురు ఆపరేటర్లు ఆ నైట్ డ్యూటీకి ఓ దండం పెట్టి తప్పుకున్నారు.

ఐదోవాడు ఖలీల్. టౌన్లో గాజుల కొట్టు ఖాదర్ వలి కొడుకు. ఇరవై మూడేళ్ళు, నోటిలెక్కల్లో దిట్ట. నైట్ తనే అడిగి తీసుకున్నాడు. నెలరోజులు మచ్చ లేకుండా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు మరి.

"ఏటి బావా, అడిగి మరీ ఎల్తన్నావంట?" పగటి షిఫ్టు నానాజీ నవ్వాడు. "మంచిదేలే. లోపల నీకు జోడీ ఉంది. పిల్సినా పలక్కు."

"పిలిస్తే పలకాలి కదా బావా, మర్యాద!" అన్నాడు ఖలీల్.

లోపల పొడవాటి డ్రమ్ము. ఒక కొసన తెల్ల బిళ్ళలు పడుతూనే ఉంటాయి. దొర్లుకుంటూ ముందుకి జరుగుతుంటే పైనుంచి గన్లు రంగు చిమ్ముతాయి, వేడిగాలి ఆరబెడుతుంది. పది నిమిషాలకి రెండో కొసన గులాబీ రంగులో రాలతాయి. ఆగడమన్నది లేదు. ఆపితే లోపలున్న వంద కిలోలు — రెండు లక్షల బిళ్ళలు — పారబోయడమే. పావుగంటకోసారి వంద బిళ్ళలు తూచాలి. యాభై గ్రాములుగా వెళ్ళినవి యాభై ఒకటిన్నరగా రావాలి. ఆ పనికి రాత్రిపూట ఒక్కడే మనిషి.

ఫోను లోపలికి తేకూడదు. మూతికి మాస్కు, తలకి టోపీ. తెల్లారి ఇంటికెళ్తే అమ్మ సకీనాబీ మూతపెట్టిన టిఫిను. నిద్ర లేచేసరికి వీధి లైట్లు. ఇరవై రెండు రాత్రుల్లో అతను మనుషులతో ఆడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ శబ్దం మొదటి రాత్రే వినిపించింది.

టక్... టక్... టక్.

బిళ్ళలు ముద్దకట్టి డ్రమ్ముకి తగులుతున్నాయేమో అనుకున్నాడు. లెక్క వేశాడు. డ్రమ్ము నిమిషానికి ఎనిమిది చుట్లు — ముద్దయితే ఏడున్నర సెకన్లకోసారి తగలాలి. ఇవి వెంటవెంటనే మూడు. తర్వాత ఏమీ లేదు...

అది యంత్రం కాదు.

ఐదో రాత్రి ధైర్యం చేసి గోడ మీద తనూ మూడు కొట్టాడు. అవతల నుంచి మళ్ళీ మూడు వచ్చాయి. ఒళ్ళు జలదరించింది... కానీ, నిజం చెప్పాలంటే, హాయిగా కూడా అనిపించింది. ఆ తర్వాత రోజూ అంతే. రాత్రి రెండు గంటలు దాటితే చెవి అటే ఉండేది. ఎవరో ఒకరు తనని అడుగుతున్నారు కదా — ఉన్నావా అని.

ఇరవై మూడో రాత్రి అతనికి తట్టింది. గోడ అవతల సామాన్లు కడిగే గది. అక్కడ రాత్రిపూట డబ్బాలు తోమే దేముడమ్మ ఒక్కతే ఉంటుంది. ఆవిడే!

చూడకుండా ఉండలేకపోయాడు. నడిచే మిషను వదిలి బయటికి వెళ్ళడం పెద్ద తప్పు. పట్టుబడితే పర్మినెంటు మాట దేవుడెరుగు, ఉన్నదే పోతుంది. కానీ బట్టలు మార్చి వెళ్ళి రావడానికి ఏడు నిమిషాలు. తూకానికి ఇంకా పద్నాలుగున్నాయి. పరుగెత్తాడు.

దేముడమ్మ డబ్బాలు తోముతోంది. అతన్ని చూసి మొహం విప్పారింది.

"వచ్చేవా బాబూ! ఎన్నాళ్ళకి నీ మొకం సూత్తన్నాను."

"నువ్వేనా పిన్నీ రోజూ కొట్టేది? పాతవాళ్ళు భయపడి పారిపోయారు కదా!"

ఆవిడ చెయ్యి ఆగింది.

"నానెందుకు కొడతాను? ముందు నువ్వే కదేటి కొడతావు. పాపం, ఒక్కడూ ఉన్నాడు, బయమేత్తందేమోనని తిరిగి కొడతన్నాను."

"నేను... ముందు ఎప్పుడూ కొట్టలేదు పిన్నీ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు, ఎవరూ లేని కోటింగ్ గదిలోంచి —

టక్... టక్... టక్.

దేముడమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎల్లకు బాబూ," గుసగుసగా అంది.

ఖలీల్ గడియారం చూశాడు. తూకానికి ఏడు నిమిషాలు. "వెళ్ళకపోతే ఉద్యోగం పోద్ది పిన్నీ." చెయ్యి విడిపించుకున్నాడు. "ఓ పని చెయ్యి. నువ్వు నాలుగు కొట్టు. నాలుగైతే నువ్వని నాకు తెలుస్తుంది. మూడైతే... ఇద్దరం పలకొద్దు."

"అలాగే. నానిక్కడే ఉంతాను. ఎల్లు, బేగెల్లు."

టోపీ, మాస్కు వేసుకుని లోపలికి వచ్చాడు. గది ఖాళీ. గులాబీ బిళ్ళలు రాలుతూనే ఉన్నాయి. వంద లెక్కపెట్టి తూచాడు. యాభై ఒకటిన్నర. రాసి సంతకం పెట్టాడు.

గోడ అవతల నుంచి — టక్, టక్, టక్, టక్.

నాలుగు. దేముడమ్మే. ఇన్ని రాత్రుల్లో మొదటిసారి, అవతల మనిషి ఉందని తెలిసి కొట్టాడు ఖలీల్. నాలుగు. మాస్కు లోపల నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి.

అప్పుడు అతని వీపు వెనక నుంచి, గన్లు చిమ్ముతున్న కొస నుంచి, మెల్లగా...

టక్... టక్... టక్...

మూడు. పలకొద్దు అనుకున్నాడు ఖలీల్.

కాస్త ఆగి, అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళు కొట్టినట్టు — ఇంకొకటి.