టైలర్ గారింటి నీళ్లు

“మళ్లీ ఉమ్మిందండీ!” అన్నాడు టైలర్, తలుపు తీస్తూనే.

ఉమ్మింది మనిషి కాదు, స్టీమ్ ఇస్త్రీ పెట్టె. కుట్టడం పూర్తయిన నల్లకోటు మీద తెల్లటి సున్నపు చుక్కలు చల్లి మరీ కూర్చుంది. అయినా ఆ మహానుభావుడి మొహంలో బాధ మచ్చుకైనా లేదు. కొత్త పెళ్లికొడుకులా ఒకటే నవ్వు!

చిట్టికి ఒళ్లు మండింది. పేరుకే చిట్టి. గీజర్లు, వాషింగ్ మెషిన్లు బాగుచేసే షాపు ఓనరు కూతురు. చేతిలో స్పానర్ ఉంటే ఎవరినీ లెక్కచేసే రకం కాదు.

“నీళ్లలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ పెట్టి రెండు నెలలైనా కాలేదు. ఉప్పునీళ్లు అందులోంచి వస్తుంటే ఇంత సున్నం ఎక్కడిదండీ?”

“అది మీరే చెప్పాలి మేడమ్. టీ తాగుతూ చెప్పండి, తొందరేం లేదు.”

“మీకు లేదు. నాకుంది.”

తొందరేమిటి, గుండెల్లో రాయి పడింది. ఆ సాఫ్ట్‌నర్ ఆమె ఒంటిచేత్తో చేసిన మొదటి ఫిట్టింగ్. “ఇది సరిగ్గా నడిస్తే బయటి పనులన్నీ నీవే. కంప్లైంట్లు వచ్చాయా, బుద్ధిగా కౌంటర్లో కూర్చో” అని నాన్న ముందే తేల్చేశాడు. ఒకటి కాదు, ఈ ఇంటి నుంచే ఇది మూడో కంప్లైంట్. ముందు రెండుసార్లూ ఇస్త్రీ పెట్టెలో సున్నం గీకేసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆయన ఏమంటాడో చిట్టికి బాగా తెలుసు.

గీజర్ విప్పింది. లోపలి రాడ్‌కి తెల్లటి పొర పట్టేసింది. సీసాలో కొళాయి నీళ్లు పట్టి, సబ్బు తురుము వేసి గట్టిగా ఊపింది. నురగ రాకపోగా విరిగిన పాలలా తయారైంది.

“సున్నం పోని హార్డ్ వాటరే! అయినా నా ఫిట్టింగ్‌లో తప్పుండదు. ఇంకేదో జరిగింది.”

“అబ్బో, అంత నమ్మకమా?”

“మీరు కుట్టిన చొక్కాకి చేతులు ఊడిపోతాయా?”

“చస్తే ఊడవు.”

“నా పనీ అంతే.”

అతను చటుక్కున తల దించుకున్నాడు. చిట్టి అదేమీ పట్టించుకోకుండా విసవిసా పెరట్లోకి నడిచింది. సాఫ్ట్‌నర్ పక్కనున్న వాల్వ్ ఎవరో తిప్పేశారు! నీళ్లు దాని మొహం కూడా చూడకుండా పక్క పైపులోంచి నేరుగా ఇంట్లోకి పోతున్నాయి.

“ఎవరు తిప్పారిది?”

టైలర్ పక్కింటి గోడని తెగ పరీక్షగా చూడసాగాడు.

“నేనేనమ్మా,” అంటూ అతని నానమ్మ తడిజుట్టు తుడుచుకుంటూ వచ్చింది. “ఆ కొత్త నీళ్లు ఎన్ని మగ్గులు గుమ్మరించుకున్నా ఒంటి మీద సబ్బు జారుతూనే ఉంటుంది. స్నానం చేసినట్టే ఉండదు. అందుకే పాత నీళ్లు వదిలాను. వీడికి ఆ రోజే చెప్పా కదా!”

“అది సబ్బు కాదు నానమ్మా, మీ చర్మమే. ఇన్నాళ్లూ సబ్బూ సున్నం కలిసి ఒంటికి పట్టేసేవి. ఇప్పుడవి లేవంతే.”

“ఈ వయసులో నా చర్మం అంత నున్నగా ఉందా!” ఆవిడ చెయ్యి నిమురుకుంటూ, మురిసిపోతూ లోపలికి వెళ్లిపోయింది.

చిట్టి వాల్వ్ సరిచేసి ఇటు తిరిగింది. “అయితే మీకు ముందే తెలుసన్నమాట.”

“తెలుసు. చెప్తే క్షణంలో వాల్వ్ తిప్పేసి వెళ్లిపోతారు. ఇక రారు. మీరు వస్తూ ఉండాలనిపించింది.”

నిజానికి ఆమెకూ రావాలనే ఉండేది. అందుకే కోపం రెట్టింపైంది.

“నీకు సరదా! నాకు పని పోతోంది!” మీరు కాస్తా నువ్వు అయిపోయింది. “నాన్న నన్ను కౌంటర్‌కి కట్టేస్తాడు. నా చేతిపని పనికిరాదని అందరూ అనుకుంటారు. ఎంత ఇష్టపడి నేర్చుకున్నానో నీకేం తెలుసు?”

అతని నవ్వు ఎగిరిపోయింది. మెడలోని టేపు తీసి పక్కన పడేశాడు.

“పదండి, మీ నాన్నగారి దగ్గరికి.”

షాపులో ఆయన మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. టైలర్ నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

“మీ అమ్మాయి పనికి వంక పెట్టడానికి లేదండీ. వాల్వ్ తిప్పింది మా నానమ్మ. తెలిసీ నోరు మూసుకున్నది నేను.”

“ఎందుకు మూసుకున్నావయ్యా?”

టైలర్ చిట్టి వైపు చూశాడు. మాట మాత్రం తడబడలేదు. “ఈవిణ్ని చూడొచ్చని. నాకు ఈవిడంటే ఇష్టం.”

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “విన్నావా చిట్టీ? ఏమంటావ్?”

“ముందు నా పని సంగతి తేల్చు నాన్నా.”

“తేల్చేదేముంది? రేపట్నుంచి బయటి పనులన్నీ నీవే. కౌంటర్లో నేనే కూర్చుంటా. మరి ఇతని సంగతి?”

“అదీ బయటి పనే. నేనే చూసుకుంటా.”

నాన్న పకపకా నవ్వాడు. “చూసుకో తల్లీ, నీ ఇష్టమే నా ఇష్టం.”

చిట్టి టైలర్‌కి వేలు చూపించింది. “ఇంకోసారి ఫోన్ చేసి ఏదో పాడైందన్నావో, చూడు మరి!”

అతను అక్కడే, నాన్న ఎదురుగానే ఫోన్ తీశాడు. చిట్టి జేబులో ఫోన్ మోగింది. అడుగు దూరంలో ఉన్న మనిషిని చూస్తూనే ఎత్తింది.

“హలో! మా ఇంట్లో అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయండీ. మీరొకసారి రావాలి.”

“వస్తున్నా,” అంది చిట్టి, పనిముట్ల సంచి నాన్న చేతిలో పెట్టేసి.