గ్లాడిస్‌కు జీతమేదీ?

"గ్లాడిస్ ఎక్కడ?"

అమెరికాలోని డులూత్ ఊళ్లో బడి వెనక, కొండవాలు జారకుండా గోడ కడుతున్న చోటికి, సరస్సు మీంచి కొట్టే సన్నటి వానలో వచ్చిన అమ్మాయి అడిగిన మొదటి మాట అది. పేరు మారిట్ సాల్మెలా. కౌంటీ ఆఫీసులో వేతనాల ఇన్‌స్పెక్టరు. ప్రభుత్వపు పని చేసే ప్రతి మనిషికీ ప్రభుత్వం ఖాయం చేసిన రేటు ముట్టిందో లేదో చూడటం ఆమె ఉద్యోగం.

ఎదురుగా కాంట్రాక్టరు ఓరిన్ హాగ్లండ్. వారం వారం జీతాల పట్టీ రాసి, అందులో ప్రతి అక్షరం నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టేది అతనే. ఆమె కళ్లు చూశాక అతనికి తన పేరే సరిగా గుర్తురాలేదు.

"గ్లాడిసా? అది... పైన గడ్డి తింటోంది."

"అదా! పనిచేసే మనిషిని 'అది' అంటారా? వారమంతా పని చేయించుకుని, జీతం సున్నా వేసి, పైగా గడ్డి తినమంటారా?"

"అయ్యో, దానికి గడ్డంటే ఇష్టమండీ!"

"ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. మీరు అవతలికి వెళ్లండి."

"అది మాట్లాడదండీ."

"బెదిరించారా?"

పొదల్లోంచి గ్లాడిస్ తల బయటపెట్టి "మే" అంది. గడ్డం, రెండు కొమ్ములు. పొదలు మేసి చోటు శుభ్రం చేయడానికి అద్దెకు తెచ్చిన మేక. దాని పేరు ఎక్కడ రాయాలో తెలియక ఓరిన్ కూలీల వరుసలో రాసేశాడు.

నవ్వకూడదని మారిట్ పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది. ఆ నవ్వుతో ఓరిన్ పని అయిపోయింది.

పట్టీ సరిచేసి పంపితే ఆమె ఇక రాదు. ఆ సంగతి తట్టగానే అతని బుర్ర గడ్డి తినడం మొదలుపెట్టింది. మరుసటి వారం మేస్త్రీ డ్వైట్‌ను ప్లంబరని రాశాడు. మారిట్ వచ్చింది. ఆ పై వారం ఎలక్ట్రీషియనని రాశాడు. మళ్లీ వచ్చింది.

"ఒరేయ్, నాకు బల్బు మార్చడం కూడా రాదు," అన్నాడు డ్వైట్. "ఎక్కువ రేటు ముడుతోందని నోరు మూసుకున్నా. రేపు పైలట్‌ని చేసేటట్టయితే ముందే చెప్పు, మా ఆవిడ దగ్గర గొప్ప చెప్పుకోవాలి."

ఈసారి మారిట్ గొడుగు కూడా లేకుండా, తడుస్తూ వచ్చింది.

"ఇంకొక్క తప్పు దొర్లితే మూడేళ్లు మీకు ప్రభుత్వపు పని దక్కదు. మీ మనుషులంతా రోడ్డున పడతారు. రాయడం రాదా, నేనంటే లెక్కలేదా?"

"తప్పు లేకపోతే మీరు రారుగా!"



"మతిపోయిందా మీకు?" అని గొణిగి, వెనక్కి చూడకుండా కారెక్కింది.

నమ్ముకున్నవాళ్ల బతుకులతో ఆటలాడానని ఓరిన్‌కు సిగ్గేసింది. ఆ వారం పట్టీలో అచ్చుతప్పు కూడా లేదు. డ్వైట్ మళ్లీ మేస్త్రీ అయిపోయి మొహం మాడ్చుకున్నాడు. ఏ కారు ఆగినా ఓరిన్ మెడ మాత్రం గేటు వైపే సాగేది.

చివరికి ఓ కారు ఆగింది. ముందు పొట్ట దిగింది, దాని వెనక పుల్కినెన్ అనే పెద్దాయన దిగాడు.

"ఇకమీద ఈ ఫైలు నాది బాబూ."

"మారిట్‌గారు?"

"తప్పుకుంది. తనిఖీకి వెళ్లే చోట ఎవరిమీదైనా మనసుపడితే తప్పుకోవాలని మా రూలు. ఆ మేస్త్రీ మీదా అని అడిగితే కొట్టేసేలా చూసింది."

"ఇప్పుడెక్కడున్నారండీ?"

"ఎదురుగా బేకరీలో. కంగారుకి మూడో రొట్టె తింటోంది."

ఓరిన్ హెల్మెట్‌తోనే రోడ్డు దాటాడు. ఎదురుగా కూలబడి, ఒగరుస్తూ, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ గోడ పూర్తయ్యేదాకా ఇక్కడ ఎవరి బిల్లు వాళ్లదే, అదీ మా రూలే," అంది మారిట్, తల ఎత్తకుండా.

"రాత్రింబవళ్లు కట్టించి వారంలో పూర్తి చేసేస్తా!"

"ఓవర్‌టైమ్‌కి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. తెలుసా నీకు?"

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పైగా, 'నీకు' అంది.