పండుమిరప జాడీలో కాసులపేరు

అల్లాబక్షు తలుపు కొట్టలేదు. వచ్చి రిసార్టు గది తలుపు మీద పడ్డాడు. బాషా గడియ తీయగానే లోపలికి తూలి, కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నడుముకు చుట్టుకున్న తువ్వాలు మీద పచ్చడి నూనె ఎర్రగా అంటుకుని ఉంది.

"మేడమ్‌గారండీ, నన్ను దొంగంటున్నారండీ! సాయంత్రం పడవలో పోలీసులొస్తారంట. నా పాస్‌పోర్టు లక్ష్మీకాంత్ గారి దగ్గరుందండీ. ఈ దేశంగాని దేశంలో లోపలేస్తే నేనున్నానో పోయానో కూడా మావోళ్లకి తెలవదండీ."

జయకుమారి టీ కప్పు కింద పెట్టింది. "కూర్చో. ఏం పోయింది, ఎక్కడ దొరికింది, వరసగా చెప్పు. ఏడుపు తర్వాత."

గుంటూరు అరండల్‌పేటలో ఒక మందుల షాపు పైన జయకుమారి డిటెక్టివ్ ఆఫీసు ఉంది. ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల ఆరాలే. మిరప యార్డులో కాయ విరిచి లోపల బూజు ఉందో లేదో చెప్పేవాళ్లలా ఆమె మనిషిని నాలుగు మాటల్లో తూచేస్తుందని బాషా నమ్మకం. అందుకే యార్డులో గుమాస్తా పని మానేసి ఆమె వెనక తిరుగుతున్నాడు.

వాళ్లని ఈ దీవికి తెచ్చింది లక్ష్మీకాంత్. ఆయనా తమ్ముడు ప్రేమ్‌చందూ గుంటూరులో పురుగుమందుల కంపెనీ నడుపుతున్నారు. మందు బాగా అమ్మిన డీలర్లను ఏటా విదేశం తిప్పుతారు. ఈసారి సముద్రం ఒడ్డున గోల్ఫ్ రిసార్టు. డీలర్లలో ఎవడో పోటీ కంపెనీతో మంతనాలాడుతున్నాడని అనుమానం వచ్చి, వాణ్ని కనిపెట్టమని జయకుమారిని, డీలర్లకి దూరపు చుట్టమని చెప్పి, వెంటబెట్టుకొచ్చాడు. ఆ డీలర్లంతా నిన్న తెల్లవారుతూనే చేపలు చూడ్డానికి పక్క దీవికి పోయారు. రేపు గాని రారు. పడవలో చోటు చాలక జయకుమారి, బాషా ఉండిపోయారు. వాళ్లు కాక ఇక్కడ మిగిలింది అన్నదమ్ములు, వాళ్ల భార్యలు శ్రీరమ్య, మాధురి, వంటవాడు అల్లాబక్షు.

వంటవాణ్ని తెచ్చుకోకుండా వీళ్లు సముద్రం దాటరు. రిసార్టు వాడి గోల్ఫ్ కావాలి, గది కావాలి, తిండి మాత్రం పనికిరాదు. అన్నదమ్ముల విల్లా వెనక చిన్న వంటగది ఒకటి మాట్లాడుకున్నారు.

గోల్ఫ్ మైదానం చూసిన రోజునే బాషా దాని విలువ కట్టేశాడు. ఎకరాల కొద్దీ నేల, ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు, ఒక్క కాయ దిగుబడి లేదు. నిన్న పొద్దున అక్కడ జరిగిన పాఠం కూడా చూశాడు. ప్రేమ్‌చంద్ కొత్త తోలు గ్లవ్ కుడిచేతికి తొడుక్కుని వస్తే, నేర్పేవాడు నవ్వి, దాన్ని లాగి ఎడమచేతికి తొడిగాడు. కుడిచేతి వాటం వాళ్లకి గ్లవ్ ఎడమచేతికేనట. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ మధ్యాహ్నం దాకా గడ్డిపెళ్లలు లేపారు. బంతి కదిలింది తక్కువ.

"నిన్న మద్దేనం శ్రీరమ్యమ్మగారు మాధురమ్మగారితో ఈతకెళ్తా కాసులపేరు తీసి గదిలో పెట్టారంటండీ," అన్నాడు అల్లాబక్షు. "వచ్చేసరికి లేదు. రిసార్టోళ్లు గదులన్నీ వెతికారు, నా సంచి కూడా దులిపారు. ఏం దొరకలా. ఇయ్యాల టిఫినప్పుడు పండుమిరప పచ్చడి తీద్దామని జాడీలో గరిటె పెడితే, గరిటెకి అది తగులుకునొచ్చిందండీ. పరిగెత్తుకెళ్లి అయ్యగారి చేతికిచ్చా. అదే నా తప్పయింది."

"వెతుకుతున్నారని భయపడి నువ్వే దొరికినట్టు నాటకమాడావన్నారు."

"అవునండీ! మీకెట్టా తెలుసు?"

"వాళ్ల తెలివి అంతవరకే పారుతుంది," అంది జయకుమారి లేస్తూ. "పద, జాడీ చూద్దాం."

వంటగదిలో జాడీ అలాగే ఉంది. మోకాలెత్తు పింగాణీది. జయకుమారి లోపలికి తొంగిచూసింది. తేట నూనె పైన నిలబడాల్సిన చోట పచ్చడి, నూనె కలిసిపోయి ఉన్నాయి. జాడీ గోడకు లోపల ఒక వైపు మణికట్టు దిగినంత లోతున రాసుకున్న మరక.

"గరిటె పెట్టేముందు కూడా ఇట్టానే ఉందా?"

"ఇట్టానే ఉందండీ. ఎవరు కెలికారా అనుకున్నా."

"నిన్న మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"చేపలు కొనడానికి జెట్టీ దగ్గరికెళ్లానండీ. వంటగదికి తాళం లేదు."

జయకుమారి జాడీ మీద బట్ట కప్పింది. "గరిటె కాడతో తోసినా నగ అడుక్కి పోయేది. చెయ్యి పెట్టి తోశాడంటే వాడు వంటింటి మనిషి కాడు," అంది. బాషా తల పంకించాడు. ఆ మాట తనకెందుకు తట్టలేదా అని మనసులో తిట్టుకున్నాడు.

జయకుమారి, బాషా వెళ్లేసరికి విల్లా వరండాలో నలుగురూ భోజనం దగ్గర ఉన్నారు. పొద్దునే వండిపెట్టిన పప్పు, వంకాయ కూర బల్ల మీద ఉన్నాయి. వండినవాడు దొంగ, వంట మాత్రం బాగుంది. శ్రీరమ్య మెళ్లో కాసులపేరు అప్పుడే ఎక్కింది. కడిగినా ఇంకా పచ్చడి వాసన వస్తోంది. తలకి గోల్ఫ్ టోపీ, మెడలో అత్తగారి నాటి కాసులపేరు. బాషా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"దొరికింది కదా, ఇంకా ఆరాలెందుకు?" అన్నాడు లక్ష్మీకాంత్ కుడిచేత్తో అన్నం కలుపుతూ. మధ్యలో చెయ్యి విదిలించాడు. "అబ్బ! నిన్న కర్ర పట్టుకున్నందుకు ఈ చేతినిండా బొబ్బలు లేచి పగిలాయి. కూర తగిలితే మండిపోతోంది."

"నిన్న ఆట ఎప్పుడు ముగిసిందండీ?" అంది జయకుమారి.

"ఎండ భరించలేక భోజనాల వేళకి ఆపేశాం. నేను స్నానానికి పోయా. తమ్ముడు ముందే వచ్చేశాడు."

ప్రేమ్‌చంద్ పెరుగన్నం ఒక్కటే పెట్టుకుని ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. కుడిచేతికి గోల్ఫ్ గ్లవ్ ఉంది. బొటనవేలి దగ్గర తోలు మెలిపడి ఉబ్బుగా లేచింది.

"ఏవండీ ప్రేమ్‌చంద్ గారూ, చెంచా ఎప్పట్నుంచి?"

"ఏ ఊరొస్తే ఆ ఊరి పద్ధతి ఉండాలి కదండీ. మనం ఎన్నాళ్లిట్టా ముద్దలు పిసుక్కుంటాం?"

"గ్లవ్ కూడా?"

"మళ్లీ ఆటకెళ్లాలి. మాటిమాటికీ విప్పడమెందుకని."

"ఆయనకి గోల్ఫ్ పిచ్చి పట్టిందండీ," అంది మాధురి మురిపెంగా. తర్వాత తోడికోడలి మెడ వైపు చూసి, "పోన్లే అక్కా, అత్తయ్యగారి వస్తువు నీకే దక్కింది. ఎంతైనా నీకే రాసిపెట్టి ఉంది," అంది.

"పెద్ద కోడల్ని కదా మరి," అంది శ్రీరమ్య.

"చిన్న కోడలు మాత్రం అత్తయ్యగారు ఆఖరి రోజుల్లో మంచాన పడితే చాకిరీ చేసింది. అది లెక్కలోకి రాదులే."

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నాడు ప్రేమ్‌చంద్ చెంచా వైపే చూస్తూ.

జయకుమారి ఇంకేం అడగలేదు. వరండా దిగుతూ, "బాషా, వంటగదిలో బేసిన్ నిండా వేడినీళ్లు కాయించు. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు. గుప్పెడు ఉప్పెయ్యి. పడవొచ్చే వేళకి తీసుకురా," అంది.

పడవ కనిపించేసరికి వరండాలో అందరూ చేరారు. అల్లాబక్షు మెట్ల కింద నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. బాషా పొగలొచ్చే బేసిన్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కొక్కరూ కుడిచెయ్యి ఇందులో ముంచి తీయండి," అంది జయకుమారి.

"ఇదేం చోద్యం?" అంది శ్రీరమ్య.

"మూడు నిమిషాల పని. కారం తిన్న చెయ్యి వేడినీళ్లలో దాగదు. కానీయండి."

అల్లాబక్షు ముందుకొచ్చి మోచేతి దాకా ముంచి తీశాడు. మొహంలో మార్పు లేదు. లక్ష్మీకాంత్ మూలిగాడు, పగిలిన బొబ్బలకి ఉప్పు చురుక్కుమంది గానీ చెయ్యి తీసేయలేదు. శ్రీరమ్య, మాధురి ముంచి తుడుచుకున్నారు.

ప్రేమ్‌చంద్ వెనక్కి జరిగాడు. "నాకు ఆటకి వేళవుతోంది."

"అదేందండీ, అందరూ ముంచాం కదా! మనకేం భయం?" అంటూ మాధురి మొగుడి చెయ్యి పట్టుకుని గ్లవ్ ఒక్క గుంజు గుంజింది.

ప్రేమ్‌చంద్ కెవ్వుమన్నాడు. ఆ అరిచేయి వాచి ఉంది. పగిలిన బొబ్బల అంచులు ఎర్రగా ఉడికిపోయాయి. సబ్బుకి వదలని పచ్చడి ఎరుపు గోళ్ల సందుల్లో అలాగే ఉంది. మాధురి చేతిలో గ్లవ్ పట్టుకుని నిలబడిపోయింది.

జయకుమారి నెమ్మదిగా చెప్పింది. "నిన్న ఈయన అందరికంటే ముందు ఆట నుంచి వచ్చాడు. శ్రీరమ్య గారు, మాధురి గారు ఈతలో ఉన్నారు, లక్ష్మీకాంత్ గారు స్నానంలో, అల్లాబక్షు జెట్టీ దగ్గర. కాసులపేరు తీశాడు. గదులు వెతుకుతారని తెలుసు. పచ్చడి జాడీలో చెయ్యి పెట్టి చూసేవాడు ఈ రిసార్టులో లేడనీ తెలుసు. సామానుతో పాటు జాడీ గుంటూరు చేరాక తీసుకోవచ్చనుకున్నాడు. అంతవరకూ తెలివే."

"మరి?" అన్నాడు బాషా ఆపుకోలేక.

"అప్పటికి ఎడమచేతికి తోలు గ్లవ్ ఉంది. ఆ చెయ్యి దూర్చి ఉంటే మంటా ఉండేది కాదు, నేనూ పట్టుకునేదాన్ని కాను. కానీ పచ్చడి జాడీలో ఎడమచెయ్యి ఎట్టా పెడతాడు? వదినగారి నగ ఎత్తుకెళ్లడానికి అడ్డురాని పద్ధతి, ఎడమచెయ్యి దగ్గర అడ్డొచ్చింది. బొబ్బలు పగిలిన వట్టి కుడిచెయ్యి పండుమిరపలోకి తోశాడు. ఆ మంటకి ముద్ద కలపలేక చెంచా పట్టాడు. చెయ్యి దాచడానికి ఎడమచేతి గ్లవ్ కుడిచేతికి ఇరికించుకున్నాడు. బొటనవేలి దగ్గర అందుకే ఉబ్బింది. నేర్పేవాడు నిన్న చెప్పిన ఒక్క పాఠాన్నీ ఆ మంటలో మరిచిపోయాడు."

"అది మా అమ్మది!" అన్నాడు ప్రేమ్‌చంద్. "నాకూ సగం ఉంది. అన్నయ్య నన్నడక్కుండా వదినకి పెట్టాడు."

"ఒరేయ్, అడిగితే ఇచ్చేవాణ్ని కదరా," అన్నాడు లక్ష్మీకాంత్. ఇచ్చేవాడు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

అంతలోనే లక్ష్మీకాంత్ మొహం తేటపడింది, బేరం కుదిరినవాడి మొహంలా. "సరే. ఇది ఇంటి విషయం. పోలీసులకి ఏదో పొరపాటైందని చెప్పి పంపించేద్దాం. జయకుమారిగారూ, మీరూ ఇంతటితో వదిలేయండి."

"పొద్దున దొంగతనం. ఇప్పుడు ఇంటి విషయం," అంది జయకుమారి. "మనిషి మారితే పేరు మారిందన్నమాట. పొరపాటు అనడానికి వీల్లేదు. వంటవాడు తీయలేదు, మా తమ్ముడు తీశాడు. ఈ ముక్క మీ నోటితో చెప్పండి. లేదంటే నేను చెబుతా. నా మాటల్లో ఇంత మర్యాద ఉండదు."

ఇద్దరు పోలీసులు మేనేజరుతో కలిసి మెట్లెక్కారు. లక్ష్మీకాంత్ వాళ్లని పక్కకి తీసుకెళ్లబోతే జయకుమారి కదలకుండా చూసింది. ఆయన అక్కడే నిలబడి, అల్లాబక్షు ఎదురుగా, ఇంగ్లీషులో ఆ ముక్క చెప్పాడు. తమ్ముడి మీద ఫిర్యాదు లేదన్నాడు. పోలీసులు ప్రేమ్‌చంద్ చెయ్యి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకుంటూ దిగిపోయారు.

"అయిపోయింది కదయ్యా," అన్నాడు లక్ష్మీకాంత్ అల్లాబక్షుతో. "మనసులో పెట్టుకోకు. ఊరెళ్లాక నిన్ను సంతోషపెడతాను."

"నాకేం వద్దండీ. నా పాస్‌పోర్టు ఇప్పించండి."

"ఇప్పుడా? రేపు డీలర్లొస్తున్నారు. అంతమందికి ఎవరు వండుతారు? వెళ్లేటప్పుడు ఇస్తాలే."

అల్లాబక్షు చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. జయకుమారి జెట్టీ వైపు చూసింది. పోలీసులు ఇంకా పడవ ఎక్కలేదు. లక్ష్మీకాంత్ కూడా అటే చూసి, పళ్లు బిగించి లోపలికెళ్లి పాస్‌పోర్టు తెచ్చాడు. అల్లాబక్షు దాన్ని తెరిచి తన ఫొటో ఉందో లేదో చూసుకున్నాడు. చొక్కా లోపల దోపుకున్నాడు.

"బాషా, మన పెట్టెలు కూడా తీసుకురా," అంది జయకుమారి. "వీళ్ల డీలర్లలో ఎవడు గోడ దూకితే మనకేంటి? వాడే తెలివైనవాడు."

ముగ్గురూ ఇసుక దాటి పోలీసుల పడవ దగ్గరికి చేరేసరికి వెనక నుంచి శ్రీరమ్య గొంతు వినిపించింది.

"ఏవయ్యా అల్లాబక్షూ! మరి రాత్రికి మాకు వంటో?"

అల్లాబక్షు అప్పటికే పడవలో కాలు పెట్టాడు.