పెనుకొండ దాసప్ప బీరువా

యాభై ఆరులో మా సీమలో వాన పడింది. నమ్మితే నమ్మండి. చిత్రావతి చేపలు ధర్మవరం ప్లాట్‌ఫాం ఎక్కి టికెట్లు అడిగాయట. ఆ వానలోనే హిందూపురం రైలెక్కాడు పెనుకొండ దాసప్ప, భుజాన తడిసిన కంబళితో. తడిసిన కంబళి వాసన మీకు తెలియనిదా! రైలుపెట్టెలోకి మంద ఎక్కినట్టే.

ఎదురుగా ధర్మవరం పట్టుదారం వ్యాపారి కూతురు ప్రమీల, పక్కన కునుకుతున్న అవ్వ రామసుబ్బమ్మ. ప్రమీల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమబ్బా, గొర్రెను యాడ కట్టేసినావు? కనపడ్లేదే!"

"గొర్రె కాదు, కంబళి. మా అమ్మ వడికిన ఉన్ని."

"ఇంట్లో గూడా ఇట్లే మోసుకోని తిరుగుతావా?"

దాసప్పకు రోషమొచ్చింది. అంతకు ముందే ఆమె కళ్లు నచ్చాయి. రెండూ కలిస్తే కుర్రవాడి నోట నిజం నిలవదు.

"ఇంట్లో బీరువాలో పెడతాం!"

ఆ రోజుల్లో ఊరికొక బీరువా ఉంటే గొప్ప. అవ్వ చటుక్కున కళ్లు తెరిచింది.

"అద్దముండాదా నాయనా?"

"ఉండాదవ్వా. ఏనుగు నిలబడినా తోకతో సహా కనపడ్తాది."

"తాళంచెవి చూపియ్యి," అంది ప్రమీల.

మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చేసి, కిటికీ వైపు తిరిగింది. నవ్విందో, వాన చూసిందో! అవ్వ ఈలోగా వంశం, గోత్రం ఆరా తీసి, తమవాళ్లేనని తేల్చేసింది. పెనుకొండలో దిగిన దాసప్ప రైలు కనుమరుగయ్యేదాకా వానలోనే నిలబడ్డాడు. భుజాన కంబళి ఉన్న సంగతే మరిచాడు.

నెల తిరగకముందే ధర్మవరం నుంచి కబురు. "బీరువా ఉండే ఇల్లు కదా, పిల్లనిచ్చేదానికి మాకు ఇష్టమే. సోమవారం ఇల్లు చూడను వస్తాండాం."

"బీరువా యాడిదిరా మనకు?" అంది తల్లి సోమక్క, రొట్టె పెనం మీద మాడుతున్నా చూడకుండా.

దాసప్ప హిందూపురం అంగళ్లన్నీ తిరిగాడు. ఉన్న గొర్రెల మందనంతా అమ్మినా తలుపు మటుకే వచ్చేటట్టుంది.

సోమవారం అవ్వ వచ్చింది, ప్రమీలను వెంటబెట్టుకుని. "నా కండ్లకు పొరలు. అద్దం బాగుండాదో లేదో చూసేదానికి ఈ పిల్ల," అంది.

సోమక్క కంబళి పరిచింది. అవ్వ కూర్చుంది. "ఏమప్పా, బీరువా యాడ?"

దాసప్ప అవ్వ ముందుకొచ్చి నిలబడ్డాడు. "లేదవ్వా. ఆ పొద్దు పిల్లను చూసి, నోటికొచ్చింది చెప్పేసినా."

అవ్వ మోకాళ్లు పట్టుకుని లేవబోయింది. "పదవే. అబద్ధాలోళ్ల ఇంట్లో నీళ్లు గూడా తాగకూడదు."

ప్రమీల కదల్లేదు. "ఉండాది అవ్వా. నువ్వు కూర్చున్నదే బీరువా."

"నీకేం పిచ్చా?"

"అది ఫ్రెంచోళ్ల మాట. మొదట్లో ఆ మాట ఈ కంబళి మాదిరి ముతక ఉన్ని గుడ్డకంట. దాన్ని రాసే బల్ల మీద పరిస్తే బల్లకు ఆ పేరు. తర్వాత బల్ల ఉండే గదికి, ఆఫీసుకు. మనకాడికి వచ్చేసరికి చీరలు పెట్టే అలమారు అయింది. పుదుచ్చేరి మామ వచ్చినప్పుడు అడిగి తెలుసుకున్నా."

"మామ వచ్చి పోయి మూడు వారాలాయె. అప్పుడే ఎందుకడిగితివి?"

ప్రమీల నేల చూసింది. "ఆ పొద్దు చూపిచ్చింది గొర్రెల దొడ్డి తాళంచెవి అవ్వా. ఉన్ని అంటుకోనుండె."

"అంటే, లేదని తెలిసే, ఉండాదని చెప్పేదానికి ఊర్లన్నీ ఎతుకుతాండావు!"

ప్రమీల బుగ్గలు కుంకుమలయ్యాయి. దాసప్ప సంగతి చెప్పక్కర్లేదు. నిలబడ్డ చోటే మరో వానలో తడిసిపోతున్నాడు.

అవ్వ మళ్లీ కంబళి మీద కూలబడింది. "ఫ్రెంచి సంగతి నాకొద్దు. పిల్ల మనసు తెలిసింది. అడిగితే వాడూ లేదనే చెప్పె. సోమక్కా, తమలపాకులుండాయా? అవన్నా నిజంగా ఉండాయా?"

కొన్నేళ్లకు నిజం బీరువా వచ్చింది. వాకిలి పట్టకపోతే గోడ పగలగొట్టారని ఊరివాళ్లు అంటారు. కాదు, బీరువా చుట్టూ ఇల్లే కట్టుకున్నారని నేనంటాను. ఏదైనా, అందులో పట్టుచీరలకు పై అరలో ఆ కంబళి ఉంటుంది.

ఇప్పటికీ చుట్టాలొస్తే ప్రమీలమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది.

"ఏమయ్యో, ఆ బీరువా తెచ్చి పరుచు!"

చుట్టాలు మొహాలు చూసుకుంటారు. దాసప్ప మాత్రం బుద్ధిగా పరుస్తాడు.