మంచు కింది చప్పుడు

ఆ సరస్సుకి పడమటి మూల మంచిది కాదని ఊరంతా ఒకటే మాట. మంచు మూరెడు మందాన పేరుకున్నా అక్కడ ఎవడూ చేపల కోసం కన్నం తొలిచే బర్మా దించడు. పదకొండేళ్ళ కిందట తావెట్టి తమ్ముడు సులేవి మునిగిపోయింది అక్కడే. శవం దొరకలేదు. పోయిన ఏటి చలికాలం నుంచీ ఇంకో వింత... పొద్దు వాలితే చాలు, ఎవరో నోరు తెరిచి ఊపిరి కోసం చప్పరిస్తున్నట్టు చప్పుడు.

జనవరిలో ఆ ఉత్తరాది చలిదేశంలో మూడింటికే చీకటి. నడి సరస్సులో ముసలాళ్ళు తలో కన్నం ముందు గాలాలేసుకుని కూర్చున్నారు.

"పొద్దుటినుంచీ ఒక్క చేప లేదు. నీ మొహం చూసి పారిపోతున్నాయిరా తావెట్టీ!" అన్నాడు రెయ్యో, కాఫీ వంపుకుంటూ.

"నా మొహం కాదురా, నీ పాట."

"అన్నీ నీ తమ్ముడి దగ్గరికి పోయి చేరాయేమో..." అనేసి, నాలిక కరుచుకున్నాడు రెయ్యో.

ఎవరూ నవ్వలేదు. తావెట్టి లేచాడు. లాంతరు తీసుకుని పడమటి వైపు నడిచాడు.

"ఒరేయ్, అటు కాదురా!"

వినిపించుకోలేదు. ఎందుకు వెళ్తున్నాడో అతనికొక్కడికే తెలుసు. మంచు కింద వల వేసినవాడు ఆ కన్నం పక్కన దేవదారు కొమ్మ గుచ్చి రావాలి. కన్నం మీద పల్చటి పొర కట్టి, దాని మీద మంచు కురిస్తే ఇక కంటికి ఆనదు. ఆ కొమ్మ ఒక్కటే గుర్తు. పదకొండేళ్ళ కిందట, ఆ సాయంత్రం, ఆ మూలలో వల వేశాక, చలికి చేతులు కొంకర్లు పోయి, రేపు గుచ్చుదాంలే అనుకుని ఇంటికెళ్ళిపోయాడు తావెట్టి. తెల్లారకుండానే సులేవి ఆ దారిన వచ్చాడు.

ఈ సంగతి ఇంతవరకూ ఒక్క ప్రాణికి చెప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కడే వండుకున్నాడు, ఒక్కడే తిన్నాడు.

మూల దగ్గరపడింది. గాలి లేదు.

చప్... చప్... చప్...

తావెట్టి ఆగిపోయాడు. లాంతరు ఎత్తాడు.

ఎవరూ అడుగుపెట్టని చోట వరసగా కన్నాలు! అన్నీ కొత్తగా తవ్వినవే — ఒక్కోదాని పక్కన ఒక్కో దేవదారు కొమ్మ.

అతను ఒక కన్నం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"సులేవీ... నేనేరా... ఆ రోజు కొమ్మ గుచ్చలేదు. మర్చిపోయి కాదు... బద్ధకించాను. నన్నేం చేసినా సరే... ఒక్క మాట అనరా."

చప్... చప్...

లాంతరు కన్నంలోకి వంచాడు.

నోళ్ళు! నీటి అంచున కిక్కిరిసిన నోళ్ళు — చిన్నా పెద్దా, వేటాడే చేపా వేటకి దొరికే చేపా ఒకదాన్నొకటి ఒరుసుకుని గాలికోసం తెరుస్తూ, మూస్తూ... కింద నీళ్ళు తుప్పురంగులో ఉన్నాయి.

"లాంతరు పక్కకి తియ్యండి బావగారూ. బెదిరి కిందకి పోతే చస్తాయి."

వెనక్కి తిరిగాడు. తమ్ముడి భార్య హిల్యా. చేతిలో గడ్డపార.

"నువ్వా ఇవన్నీ..."

"ఇంకెవరొస్తారు? చిత్తడినేల తవ్వి పొయ్యిల్లోకి నల్లమట్టి అమ్ముకునేవాళ్ళు వాళ్ళ మురుగు కాలవని ఇటు తిప్పారు. ఆ మురుగు చేరాక ఈ నీళ్ళకి ఊపిరి లేదు, ఈ కన్నాల్లోంచి వచ్చే గాలే వీటికి దిక్కు. మీరంతా దెయ్యం దెయ్యం అని ఇటు తొంగిచూడరు. వాళ్ళకి కావలసింది అదే. ఇక్కడ సరస్సు చస్తోంది, అక్కడ మీరు గాలం పట్టుకుని చేపల్లేవని ఏడుస్తున్నారు."

తావెట్టి లాంతరు పక్కకి జరిపాడు. అప్పుడడిగాడు.

"ఎంతసేపయింది... నువ్వొచ్చి?"

హిల్యా గడ్డపార ఎత్తి మంచులో దించింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించింది.

"ఆయన పోయిన రోజే వచ్చి చూశాను. మీ వల కన్నం పక్కన కొమ్మ లేదు."

చప్... చప్... చప్...

"మీ నోటితో మీరే చెప్తారని పదకొండేళ్ళు చూశాను బావగారూ," అంది ఆమె, తల ఎత్తకుండా. "చివరికి చేపలతో చెప్పారు."