చీటీ లేని గడ్డిపోచ

ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం అధికారిణి డిటెక్టివ్ ఇంటికి వగరుస్తూ వచ్చి, కూర్చోమనకముందే కుర్చీలో కూలబడింది.

"కొంప మునిగిందండీ! అరుదైన అడవిగడ్డి నమూనా మీద చీటీ పోయింది. దాన్ని ఎక్కడ కోశారో రాసి ఉన్నది ఆ చీటీ మీదే. నాలుగింటికి తనిఖీ. చోటు తెలియని నమూనా గేదెల మేతతో సమానం. ఇక నా ఉద్యోగం సంగతి చెప్పక్కర్లేదు!"

డిటెక్టివ్ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. నలభై దాటినా అక్క వెనకాల నోట్‌బుక్ పట్టుకుని తిరగడమే పరమానందమనుకునే తమ్ముడూ లేచాడు.

నమూనాల గది నిండా కలరా ఉండల వాసన. కాగితానికి కుట్టిన ఎండుగడ్డి పక్కన, చీటీ ఉన్నచోట తెల్లటి చతురస్రం మిగిలింది. చిరుగు లేదు. ఓ మూల లేత పచ్చటి మరక. నల్లటి మెలితోకల గింజల్లో ఒకటి రాలిపోయింది.

"ఈ గడ్డి ఇంకెక్కడైనా ఉందా?"

"ఈ గదిలో ఇదొక్కటే. ఈ నెలలో ఐదుగురు వచ్చి, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఇద్దరైతే దుబ్బులతో సహా పెకలించుకొస్తామన్నారు."

తాళంచెవులు అధికారిణి కాక మరో ఇద్దరి దగ్గరున్నాయి.

"చీటీ తియ్యాలంటే నాకు తడిగుడ్డ చాలు," అన్నాడు నమూనాలు అతికించే తాత. "కానీ ఇన్నేళ్ళూ అతికించడమే నా పని తల్లీ."

తమ్ముడు వెంటనే 'తాత' అని రాసి కింద గీత గీశాడు.

బొమ్మలు గీసే అమ్మాయి మణికట్టు గోక్కుంటూ, "ఆ బీరువా నేనెప్పుడూ తెరవలేదు," అంది.

డిటెక్టివ్ అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"తాతగారి తడిగుడ్డకు రంగుండదు. ఈ చీటీని తడిపింది పచ్చరంగు ఆరని కుంచె." అంటూ అమ్మాయి స్వెటర్ చేతి అంచులోంచి మెలితోక గింజ ఒకటి బయటికి లాగింది. "తెరవని బీరువాలోని గింజ ఇక్కడికెలా వచ్చిందమ్మా?"

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రంగుల పెట్టె అడుగునుంచి చీటీ తీసి డిటెక్టివ్ చేతిలో పెట్టింది. "ఈ గడ్డి పెరిగేచోట మిగిలినవి పది దుబ్బులేనట. పెకలిస్తామన్న ఆ ఇద్దరూ గడ్డపారలు కొనుక్కున్నారు మేడమ్!"

"ఆ మాట నాతో చెప్పొద్దూ, పిచ్చిపిల్లా!" అంది అధికారిణి. కోపంగా మొదలైన మాట చివరికొచ్చేసరికి మెత్తబడిపోయింది. తాత అప్పటికే జిగురు కలుపుతున్నాడు. నాలుగింటికి చీటీ తన చోట ఉంది. తనిఖీకొచ్చిన పెద్దాయన విషయమంతా విని, ఆ నమూనా అడిగినవాళ్ళకు ఇకమీదట బొమ్మ మాత్రమే చూపించాలని రాసి సంతకం చేశాడు. ఆ బొమ్మ గీసే పని అమ్మాయికే పడింది.

మెట్లు దిగుతూ తమ్ముడు ఆగలేకపోయాడు. "అక్కా, ఇంతకీ ఆ చోటెక్కడ?"

"నాకేం తెలుసురా? చీటీ బోర్లించి ఇచ్చేశాను."