మినహాయింపుల జాబితాలో యామిని

కడపలో ఓ రాళ్ల కంపెనీ ఆఫీసులో సిస్టమ్స్ చూసేది ఆలూరు వీరేష్. ఓనరు సుబ్బయ్య చెప్పడంతో పదకొండు కంప్యూటర్లనూ కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. ఎవరి డిస్క్ నిండుతున్నా అది ముందే హెచ్చరిస్తుంది. అంతటితో ఊరుకోక, ఎవరి స్క్రీన్ మీద ఏముందో గంట గంటకూ ఫొటో తీసి వీరేష్‌కు పంపిస్తుంది.

పదిమంది ఫొటోలను అతను చూసిన పాపాన పోలేదు. పదకొండోది యామినిది. ఏ రాయిని ఏ కొలతకు కొయ్యాలో బొమ్మలు గీసే కోయిలకుంట్ల అమ్మాయి. ఆ ఫొటో కోసమే గడియారం చూస్తున్నానని మూడో రోజుకే తెలిసొచ్చి వీరేష్‌కు సిగ్గేసింది. వెంటనే సాఫ్ట్‌వేర్ వేటిని చూడకూడదో రాసే మినహాయింపుల జాబితా తెరిచాడు. ఆమె స్క్రీన్ ఫొటోలను మాత్రం ఆపాల్సింది పోయి, కంగారులో ఆమె కంప్యూటర్‌నే మొత్తంగా అందులో చేర్చేశాడు.

గురువారం యామిని డిస్క్ నిండిపోయింది. హెచ్చరిక రాలేదు. సాయంత్రానికి కోత మిషన్ దగ్గర ఉండాల్సిన బొమ్మ సేవ్ కాకుండానే పోయింది. సుబ్బయ్య ఆమెనే తిట్టి, ఇంకోసారి ఇలా జరిగితే ఇంట్లోనే ఉండమన్నాడు.

యామిని నేరుగా వీరేష్ టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అందరికీ వచ్చే వార్నింగు నాకెందుకు రాలేదప్పా? నా మింద ఏం కోపముండాది నీకు?"

సర్వర్ తప్పని అనేస్తే సరిపోయేది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక వీరేష్ ఆ అబద్ధం ఆడలేకపోయాడు. లేచి సుబ్బయ్య గదిలోకి వెళ్లి, ఆమె కంప్యూటర్‌కు హెచ్చరిక రాకుండా చేసింది తనేనని, ఆమె తప్పేమీ లేదని చెప్పాడు. కడుపునిండా తిట్లు తిని బయటికొచ్చాడు. ఉద్యోగం మాత్రం మిగిలింది.

గుమ్మం దగ్గర యామిని నిలబడి ఉంది. లోపలి మాటలు విన్నట్టుంది, తన కంప్యూటర్‌ను లెక్కలోంచి ఎందుకు తీసేశావని అడిగింది.

"దొంగచాటుగా నీ స్క్రీన్ చూస్తాంటి యామినీ. పని కోసం కాదు. నువ్వంటే నాకు శానా ఇష్టం. అట్ల చూసేది తప్పనిపిచ్చింది."

యామిని పోయి బొమ్మ మళ్లీ గీయడం మొదలుపెట్టింది. వీరేష్ జాబితా సరిచేసి, ఆమె డిస్క్‌లో చోటు ఖాళీ చేసి తల దించుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె తన పక్కనున్న ఖాళీ కుర్చీని ఇవతలికి లాగింది.

"చూడాలనుంటే ఈడ కూర్చోని చూడు. నేనేమన్నా వద్దంటినా?"

సాయంత్రానికి బొమ్మ కోతకు వెళ్లింది. వీరేష్ మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు.